నలభై ఒకటి మోగుతలేదు

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే రోడ్డు మీద ఒక చిన్న ఊరు. టెలిఫోన్ ఎక్స్చేంజి గది. అందులో టెలిఫోన్ మెకానిక్ సారంగపాణి, మోటర్ సామాన్ల దుకాణం నడిపే రాజేశ్వరి. 1983 డిసెంబరు, ఒక శుక్రవారం మధ్యాహ్నం.

"మూడు ఫోన్ సెట్లు మార్చిన రాజేశ్వరి గారూ. మూడు! నల్లది పెట్టిన, ఇంకో నల్లది పెట్టిన, మల్ల మొదటి నల్లదే తెచ్చి పెట్టిన."

"మోగిందా?"

"మోగలే."

"మరి?"

"మరేందంటే… సెట్ల తప్పు లేదని తేలింది. గది సుత ఒక పనే గద."

"ఎనిమిది దినాలకు గదొక్కటి తేలిందా సారూ?"

"ఇంకా తేలినయ్. మీ దుకాణం ముంగటి స్తంభం మంచిగున్నదని తేలింది. ఎనిమిది పార్లు ఎక్కిన, దిగిన. తీగ మంచిగున్నది. మీ గోడకు బిగించిన డబ్బా మంచిగున్నది. దిగినప్పుడల్లా మీరిచ్చిన చాయ్ మంచిగున్నది. అన్ని మంచిగనే ఉన్నయ్, నా తెలివి తప్ప."

"నువ్వు నవ్వుకుంట చెప్తానవ్. నాకు నవ్వొస్తలేదు. కొత్త పెట్టె బిగించినమన్నరు. ఇరవై ఐదు కొత్త ఫోన్లన్నరు. కిరాణపాయనది మోగుతాంది. రైసుమిల్లుది మోగుతాంది. ఎప్పుడు చూసినా తాళమేసుండే లైబ్రరీది సుత మోగుతాంది. నాదొక్కటే సచ్చి పడ్డది."

"పెట్టె కాదు, యూనిట్. పాతదాంట్ల ఇరవై ఐదు లైన్లు నిండినయ్ కదా, దాని పక్కన ఇంకో ఇరవై ఐదు లైన్ల యూనిట్ కలిపినం. నేనే కలిపిన. ఈ రెండు చేతులతోని. గందుకే మీకు గీ గతి పట్టింది."

"మల్ల షురూ చేసినవా?"

"నిజం చెప్తాన. హైదరాబాదుల ట్రైనింగైనప్పుడు మేం ముప్పై రెండు మందిమి. పరీక్షల నేను ముప్పై ఒకటోన్ని."

"ముప్పై రెండోడు ఇంకెంత తెలివిగల్లోడో."

"వానికి జ్వరమొచ్చి పరీక్షకు రాలే."

"నవ్వియ్యకు సారూ. నీకు దండం పెడ్త, ఇయ్యాల నవ్వియ్యకు. ఎంతైంది గడియారంల?"

"మూడుంబావు."

"నాలుగ్గొట్టంగ మా అన్న ఫోన్ చేస్తాండు."

"రాయమల్లన్ననా? మరిపెడ నుంచా? చెయ్యనీయండ్రి. ఇయ్యాల గాకుంటే రేపు మాట్లాడొచ్చు."

"రేపటికి నేనుంటే గద."

"అదేం మాట?"

"సోమవారం వచ్చిండు. దుకాణం మూసెయ్యి, సామానంత ఎవలకన్న అప్పజెప్పుత, నువ్వు వచ్చి మా ఇంట్ల ఉండు అన్నడు. ఆడిది ఒక్కతి మోటర్ల బెల్టులు, ఫుట్ వాల్వులు అమ్ముకుంట కూసుంటే నల్గురు నాలుగు తీర్లు అనుకుంటరన్నడు."

"మీరేమన్నరు?"

"ఊఁ అన్న."

"ఊఁ అన్నరా!"

"ఏం జెయ్యాలె? మా నాయిన పోయినంక నన్ను పెంచింది ఆయనే. ముంగట నిలబడి నా దిక్కు చూస్తే నాకు ఊఁ తప్ప ఇంకో మాట రాదు. పెండ్లికి ఊఁ అన్న. మా ఆయన పోయినంక ఏది చెప్తే దానికి ఊఁ అన్న. దుకాణం నడుపుత అన్న ముచ్చట సుత ఉత్తరం రాసి చెప్పిన, ముంగట చెప్పలేక."

"ఊఁ అన్నంక ఇగ ఫోనెందుకు?"

"బస్సెక్కేటప్పుడు జర ధైర్నం చేసిన. అన్నా, ఆలోచించుకొని చెప్త అన్న. సరే, నీకు ఫోనొచ్చింది కదా, శుక్రవారం పొద్దుగాలనే ట్రంకు కాల్ బుక్ చేసి, నాలుగ్గొట్టంగ పోస్టాఫీసు నుంచి చేస్త. వద్దంటే గప్పుడు చెప్పు. ఎత్తకపోతే ఒప్పుకున్నట్టే, శనివారం పొద్దుగాల లారీ పంపుత అన్నడు. ఫోన్ల అయితే మొఖం కనబడదు గద సారూ. నాకు నోరొస్తది."

"లారీనా? రేపు పొద్దుగాలనా?"

"ఆఁ."

"సామాను కోసమా? మీరు సుతనా?"

"లారీల నేనెందుకు కూసుంట? బస్సుల పోత."

"అంటే పోతరు."

"ఫోన్ మోగకపోతే పోవుడే. లారీ వచ్చి నిలబడి, నా వెనుక అన్న సుత వచ్చి నిలబడితే నేను వద్దంటనా? ఊఁ అంట. నా సంగతి నాకెర్క."

"ఫోన్ ఖరాబున్నదని సోమవారమే ఆయనకు చెప్పకపోయిన్రు?"

"సిగ్గైంది. మా ఆయన బతికున్నప్పుడు పెట్టిన అర్జీ. ఎనిమిదేండ్లకు వచ్చింది. ఊరంత చెప్పుకున్న. దాని కింద అల్లిన గుడ్డ పరిచిన, దండేసిన. గిరాకీ ముంగట సచ్చిన ఫోనెత్తి, 'హలో, ఆఁ, పంపిస్తాన, బెల్టులు పంపిస్తాన' అంట. ఒకాయన అడిగిండు, రాజక్కా, అది మోగకముందే ఎత్తుతవేందని."

"ఏం చెప్పిన్రు?"

"మోగేదాంక ఆగుడేంది, నాకు ముందే ఎర్కైతది అన్న. నవ్వు, నవ్వు! నన్ను చూసి నాకే నవ్వొస్తది. గని గిప్పుడు కాదు."

"నవ్వుతలేను రాజేశ్వరి గారూ. మనమే మరిపెడకు ట్రంకు కాల్ ఇప్పుడు బుక్ చేద్దామంటే గది రాత్రికి కలుస్తదో, రేపు కలుస్తదో. ఆగుండ్రి. ఇంకో సెట్టున్నది, తెస్త."

"మల్ల సెట్టా!"

"స్తంభమెక్కి చూస్త."

"మల్ల స్తంభమా! సారూ, ఒక్క మాటడుగుత. నా దగ్గరికి రైతు స్టార్టర్ పట్కొస్తడు. మోటర్ నడుస్తలేదక్కా అంటడు. నేను తీగ చూస్త, మోటర్ చూస్త. రెండు మంచిగుంటే స్టార్టర్ మూత ఇప్పుత. ఆరేండ్ల నుంచి గదే చేస్తాన. నువ్వు బయట అన్ని చూసినవ్. ఈ పెట్టె మూత ఎందుకు ఇప్పవు?"

"యూనిట్‌దా?"

"యూనిట్‌దే."

"గది… ఇప్పొద్దు."

"ఎందుకు?"

"కొత్తది గద. మా ఇంజనీరు, జేఈ సారు వచ్చినప్పుడే ఇప్పాలె. దుమ్ము పడ్తది. రిలేలు ఖరాబైతయ్."

"రిలేలంటే?"

"మీ స్టార్టర్ల కాయిల్ పట్టంగనే టక్కుమని అతుక్కుంటది కదా, గసొంటియే చిన్నగ. ఒక్కో నెంబరుకు ఒక్కో జత. ఇరవై ఐదు నెంబర్లు, ఇరవై ఐదు జతలు."

"నా నెంబరు నలభై ఒకటికి సుత ఉన్నదా?"

"ఉంటది. కింద వరుసల. కుడి దిక్కు చివరిది."

"చూసినవా దాన్ని?"

"చూసిన. మంచిగనే… ముద్దుగనే ఉన్నది."

"ముద్దుగుండుడేంది?"

"అంటే కొత్తగున్నది."

"బిగించిన్నాడు టెస్టు చేసినవా?"

"చేసిన. ఇరవై ఐదు పాసైనయ్. మీదైతే అందరికన్న ముందే చేసిన. ఫస్టుక్లాసుల పాసైంది. నేను పదో తరగతి రెండు పార్లు తప్పిన, నా చేతుల నలభై ఒకటి ఒక్క దెబ్బకు పాసైందని మస్తు సంబురపడ్డ."

"టెస్టు పాసైంది. మా గోడకు ఫోన్ బిగించినంక మోగలే. తీగ మంచిగున్నది. సెట్టు మంచిగున్నది. అంటే టెస్టు చేసినంక, మూత పెట్టకముందు లోపల ఏదో అయింది. నడుమ ఏం చేసినవ్?"

"ఏం చెయ్యలే. బువ్వ తిన్న."

"పెట్టెల తిన్నవా?"

"బల్ల మీద తిన్న."

"మరి?"

"ఎలుక దూరిందేమో. ఎలుకలు మస్తున్నయ్ గీడ. మొన్న నా చెప్పు కొరికింది."

"ఎలుక ఇరవై నాలుగు ఇడిచిపెట్టి నాదొక్కటే కొరికిందా?"

"ఎలుకకు సుత నీతి, నీయత్ ఉండదు రాజేశ్వరి గారూ."

"గదొకటి. ఊరంత నన్ను రాజక్క అంటది. పండుముసలోళ్ళు సుత రాజక్క అంటరు. నువ్వొక్కనివే రాజేశ్వరి గారూ, రాజేశ్వరి గారూ అంటవ్. ఎందుకు?"

"ఫారంల గట్లనే ఉన్నది."

"కిరాణపాయన పేరు ఫారంల ఏమున్నది?"

"…యాద్ లేదు."

"ఫారం రాసింది నువ్వే. ఆయన పేరు యాద్ లేదు, నా పేరు యాదున్నదా?"

"మీ ఆయన పేరు మీదున్న అర్జీని మీ పేరు మీదికి మార్పియ్యడానికి వరంగల్ ఆఫీసుకు నాలుగు పార్లు తిరిగిన. నాలుగు పార్లు రాసినంక ఎవలకన్న యాదుంటది."

"సారూ, ఊడ్వన్నా? అగో, రాజక్కా! నువ్వేంది గీడ?"

"రా సమ్మమ్మా. నా ఫోన్ మోగుతలేదు. నువ్వు రోజు ఊడుస్తవు గద, కొత్త పెట్టెల ఎలుక గిట్ల దూరంగ చూసినవా?"

"ఎలుకనా? గది ఇనుప పెట్టె అక్కా. చీమ సుత దూరదు. దాని తాళం సారు తాననే ఉంటది."

"సమ్మమ్మా, నువ్వు బయటి వరండా ఊడ్వుపో."

"ఊడ్చిన సారూ."

"మల్ల ఊడ్వు."

"ఆగు సమ్మమ్మా. పెట్టె బిగించిన్నాడు నువ్వు ఉన్నవా?"

"ఉన్న అక్కా. కొబ్బరికాయ నేనే తెచ్చిన. జేఈ సారు కొట్టిండు. పెట్టె పైన పసుపు రాసి మూడు బొట్లు పెట్టిన్రు. అగో, ఇంక గట్లనే ఉన్నయ్ చూడు. నాకు రెండు చిప్పలిచ్చిన్రు."

"గంతేనా?"

"గంతే. గంతే గద సమ్మమ్మా? గంతే. ఇగ పో."

"గంతే అక్కా. మల్ల జేఈ సారు జీపెక్కి పోయినంక, గీ సారు నన్ను పిలిచి, సమ్మమ్మా, ఆ కుంకుమ భరిణె ఇంకోపారి ఇయ్యి అన్నడు. నన్ను బయటికి పొమ్మన్నడు. నేను కిటికీల నుంచి చూసిన."

"ఏం చూసినవ్?"

"సమ్మమ్మా!"

"ఉన్నదే చెప్తాన సారూ. మూత ఇప్పిండక్కా. చేతులు కడుక్కొని వచ్చిండు. కుంకుమల ఒక్క చుక్క నూనేసి కలిపి, ఉంగరం వేలుతోని కింద ఒక్కదానికి బొట్టు పెట్టిండు. ఒక్కదానికే. పెట్టి జరసేపు చూసిండు. మల్ల మూతేసిండు."

"కింద వరుసలనా?"

"ఆఁ."

"కుడి దిక్కు చివరిదా?"

"గదే. నీకెట్ల ఎర్క?"

"…సారూ."

"చెప్పండ్రి."

"ఎంతైంది?"

"మూడూ నలభై."

"మూత ఇప్పు."

"ఇప్పుత. ఇప్పుడే ఇప్పుత. సమ్మమ్మా, దవాఖానకు ఉరుకు. కాంపౌండర్‌ను అడిగి సీసాల రెండు చెంచాల స్పిరిట్ పట్కరా. జల్ది!"

"ఎవలకు దెబ్బ తగిలిందంటే ఏం చెప్పాలె సారూ?"

"నాకు తగిలిందని చెప్పు. తలకాయల. చానేండ్ల కిందనే తగిలిందని చెప్పు."

"పోతాన, పోతాన."

"ఇప్పినవా?"

"ఇప్పిన. రాజేశ్వరి గారూ, మీరు చూడకుండ్రి. జర అటు తిరుగుండ్రి."

"జరుగు. చూడనియ్యి… అయ్యో! గింతనా? గింత కుంకుమనా? కాంటాక్టుల నడుమకే పోయింది గదయ్యా! నూనెతోని జిగటైంది, ఆరి గట్టిగైంది. గీ రెండు ఎట్ల అతుక్కుంటయ్?"

"అతుక్కోవు."

"మా తాన రైతులున్నరు. ఒక్కడు స్కూలు మొఖం చూడలే. దసరాకు స్టార్టర్లకు బొట్లు పెడ్తరు. ఎవడన్న మూత ఇప్పి కాయిల్‌కు పెడ్తడా? మూత మీద పెడ్తరు! గంత తెలివి సుత లేకపాయె నీకు?"

"లేకపాయె. పద్నాలుగేండ్ల సర్వీసు. రిలేల నడుమ వెంట్రుక పడ్డా నెంబరు సస్తదని కొత్త పిల్లగాండ్లకు నేనే చెప్త. చెప్పి చెప్పి నేనే కుంకుమ పోసిన. నన్ను మ్యూజియంల పెట్టాలె, నా పక్కన చీటీ అంటించి."

"నా తాన ఉప్పుకాగితం ఉన్నది, సంచిల. ఇయ్యన్నా?"

"వద్దొద్దు, లోపల వెండి. గీసుకపోతది. ముందు బ్రష్షుతోని దులుపుత. స్పిరిట్ వచ్చినంక తుడుస్త. మీరు ఆ లైటు పట్టుకోండ్రి. జర కిందికి. ఆఁ."

"ఎందుకు పెట్టినవ్?"

"లైటు కదిలియ్యకుండ్రి."

"కదిలిస్తలేను. ఎందుకు పెట్టినవ్?"

"చెయ్యి జారింది."

"ఇరవై ఐదుల నా దాని మీదనే జారిందా?"

"నా చెయ్యి గసొంటిది."

"చేతులు కడుక్కొని వచ్చి జారిందా?"

"జర దులపనీయండ్రి."

"సారంగపాణి సారూ, మా అన్న ఇంకో పావుగంటకు ఫోన్ చేస్తడు. మోగకపోతే నా దుకాణం పోతది, నేను పోత. నీ బొట్టు నన్ను ఊరు దాటిస్తాంది. ఎందుకు పెట్టినవో చెప్పకపోతే నేను బస్సుల సుత గదే ఆలోచించుకుంట పోవాలె."

"మీరు నా దిక్కు చూడకుంటే చెప్త."

"చూస్తలేను. రిలే దిక్కు చూస్తాన."

"మొన్న దసరాకు మీ దుకాణం కాడికి వచ్చిన. చాయ్ తాగుదామని. అంటే పనున్నదని చెప్పి వచ్చిన గని, పనేం లేదు. మీరు గప్పుడు పూజ చేస్తాన్రు. మోటర్లకు బొట్టు పెట్టిన్రు. తక్కెడకు పెట్టిన్రు. స్పానర్లను వరుసగ పరిచి అన్నిటికి పెట్టిన్రు. పక్క దుకాణపామె వచ్చి, నువ్వు పెట్టొద్దు రాజక్కా, ఎవలతోనన్న పెట్టియ్యి అన్నది. నా సామానుకు నేను పెట్టక ఎవలు పెడ్తరన్నరు మీరు."

"అన్న. అయితే?"

"పాత ఇనుప మేకుల డబ్బాకు సుత బొట్టు పెట్టిన్రు. తలుపుకు పెట్టిన్రు. గప్పుడు భరిణె మూతేసి పక్కకు జరిపిన్రు. జరిపి, వేలుకంటిన కుంకుమను గుడ్డతోని తుడిచిన్రు. మంచిగ, ఒక్క ఎరుపు లేకుంట తుడిచిన్రు. గంత దుకాణంల బొట్టు లేంది మీకొక్కలకే. గది నేను చూడలేకపోయిన రాజేశ్వరి గారూ. నేనేం మాట్లాడ్త? మాట్లాడటానికి నేనెవన్ని? చాయ్ తాగి వచ్చిన. చాయ్‌ల చక్కెర ఎక్కువైందని సుత చెప్పలేదు."

"గందుకేనా నా నెంబరుకు?"

"గందుకే యూనిట్ బిగించిన్నాడు, మీకు పెట్టలేం గని మీ నెంబరుకన్న ఒక బొట్టుండనీ అనుకున్న. లోపల ఉంటది, ఎవలకు కనబడదు, ఎవలేమనరు అనుకున్న. పెట్టినంక మస్తు సంబురమైంది. తెల్లారి ఫోన్లు బిగిస్తే మీదొక్కటే మోగలే. గిట్లుంటది నా పని. చెప్పిన కదా, ముప్పై ఒకటోన్ని."

"చెయ్యి ఆపకు. దులుపు."

"దులుపుతాన."

"మరి ఎనిమిది దినాలు మూత ఎందుకు ఇప్పకపోతివి?"

"ఇప్పితే తుడువాలె గద."

"అంటే తెలువకనే ఇన్ని దినాలు తిరిగినవా?"

"తెలువక కాదు. మూడో దినం అనుమానమొచ్చింది. అయినా ఇంకో సెట్టు మార్చి చూద్దాం, ఇంకోపారి స్తంభమెక్కుదాం అనుకున్న. బొట్టు తుడువడానికి చెయ్యి రాలే. గీ లారీ ముచ్చట తెలిస్తే మొదటి దినమే నాలుకతోని నాకి తీద్దును."

"సారూ! స్పిరిట్! కాంపౌండర్ అడిగిండు, తలకాయల దెబ్బంటే కుట్లేద్దాం తోల్కరమ్మని."

"కుట్లకు అందదని చెప్పకపోయినవ్? ఇటియ్యి. గుడ్డ. గా తెల్ల గుడ్డ. రాజేశ్వరి గారూ, లైటు."

"పట్టిన. ఎంతైంది సమ్మమ్మా?"

"గీ గడియారంల నాలుగు దాటింది అక్కా."

"దాటిందా! అయ్యో దాటింది! అయిపాయె. చేసుంటడు. మోగక, పెట్టేసుంటడు. ఇగ అయిపాయె సారూ, ఇడిచిపెట్టు."

"కాలే, కాలే! గది పది నిమిషాలు ముందున్నది. డ్యూటీకి లేటు కావొద్దని నేనే ముందుకు తిప్పి పెట్టిన."

"నిజమా?"

"నిజం. అయినా లేటే వస్త, గది వేరే ముచ్చట. ఇగో, పోయింది. తెల్లగ మెరుస్తాంది చూడుండ్రి. వేలుతోని నొక్కుత… టక్కుమన్నదా?"

"అన్నది."

"ఇంకోపారి."

"అన్నది! మంచిగన్నది!"

"గిప్పుడు మీ లైనుకు గీడున్న ఇంకో సెట్టు తగిలిస్త. మీరు దుకాణం దాంక ఉరికితే టైం సాలదు. మీ అన్న నలభై ఒకటి అడిగితే గీడనే మోగుతది. చెవుకు పెట్టుకోండ్రి. గుర్రుమంటాందా?"

"ఏం లేదు."

"ఇప్పుడు?"

"ఏం లే… ఆఁ! గుర్రుమంటాంది! సమ్మమ్మా, గుర్రుమంటాంది!"

"అబ్బ! సచ్చి బతికిన. పెట్టెయ్యండ్రి. పెట్టేస్తేనే ఆయనకు కలుస్తది."

"పెట్టిన."

"ఇగ సూడాలె."

"…మోగుతలేదు."

"మోగుతది."

"ఒకవేళ ఆయన గడియారం సుత పది నిమిషాలు ముందుంటే?"

"మీ అన్న నా తీర్గ గడియారం ముందుకు తిప్పేటోడు కాదు గద. మోగుతది."

"మోగినంక నాకు నోరు రాకపోతే?"

"ఫోన్ల వస్తదన్నరు."

"అన్న. మల్ల ఊఁ అంటే?"

"గప్పుడు నేను లైన్ కట్ చేస్త. నా చేతుల లైన్లు కట్టయినంత సక్కగ కలువవు."

"అక్కా, మోగింది! రాజక్కా, మోగింది, ఎత్తు!"

"హలో… హలో, అన్నా! … ఆఁ, నేనే. ఇనబడ్తాంది. మంచిగ ఇనబడ్తాంది. … ఆఁ, అందరు మంచిగున్నరు. … ఊఁ. … లేదన్నా. గది ఊఁ కాదు. ఇంటాన అని ఊఁ అన్న. … లారీ పంపకు. … లారీ పంపకన్నా అంటాన. … ఎవలకూ అప్పజెప్ప. నా దుకాణం, నేనే చూస్కుంట. ఆరేండ్ల నుంచి ఎవలు చూసిన్రు? … లేదు, ఏడుస్తలేను. లైన్ల గరగర. … నల్గురు అనుకుంటే అననీ. బెల్టు తెగితే ఆ నల్గురు నా దగ్గరికే వస్తరు. … ఆఁ? … ఒక్కదాన్ని ఎట్లుంటనా? …"

"కట్ చెయ్యన్నా?"

"నువ్వు ఆగు. … నిన్ను కాదన్నా. గీడ టెలిఫోనాయన. … అన్నా, గా ముచ్చట ఫోన్ల కాదు. ఆదివారం నువ్వే రా. వదినెను తోల్కరా. బువ్వ తిందురు. … ఒక మాట చెప్పేదున్నది. … లేదు, ముంగటనే చెప్త. … చెప్త అంటాన గద. నోరొస్తది. … ఆఁ. ఉంట."

"అయిందా?"

"అయింది. లారీ రాదు."

"రాదా?"

"రాదు."

"సమ్మమ్మా, విన్నవా? లారీ రాదట. జర మంచినీళ్ళియ్యి నాకు. రాజేశ్వరి గారూ, మీరు ముంగటనే చెప్త అన్నరు. మీరేనా?"

"నేనే. నాకే నవ్వొస్తాంది. దుకాణం ముచ్చటకే గింత గుండెదడైతే, ఆదివారం ఆ ముచ్చట ఎట్ల చెప్తనో."

"ఏం ముచ్చట?"

"నువ్వు మూత పెట్టు."

"పెడ్తాన. ఒట్టు, రాజేశ్వరి గారూ, ఇగ నా సర్వీసుల యూనిట్ దగ్గరికి కుంకుమ రానియ్య. సమ్మమ్మా, గా భరిణె తీస్కపోయి చెత్తల పారెయ్యి."

"పారెయ్యకు సమ్మమ్మా. ఇటియ్యి, నా సంచిల ఏస్కుంట."

"మీకెందుకు?"

"మిషన్‌కు బొట్టు పెట్టుడు నీకు రాదని తేలింది సారంగపాణీ. మనిషికి పెట్టుడన్న వస్తదేమో, ఆదివారం మా అన్న ముంగట చూద్దాం."